తేదీ లేని పరీక్ష

హైదరాబాద్‌ అశోక్‌నగర్‌ హాస్టళ్లలో, అవనిగడ్డ అద్దె గదుల్లో, నంద్యాల కోచింగ్‌ సెంటర్లలో లక్షలాది తెలుగు యువత సర్కారు కొలువు కోసం చదువుతోంది. సిలబస్‌ ఎంత పెద్దదైనా వాళ్లు భయపడరు. పరీక్ష ఎప్పుడు, ఫలితం ఎప్పుడు, పోస్టింగ్‌ ఎప్పుడు అన్నదే వాళ్ల చేతిలో లేనిది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్‌ లైబ్రరీ తలుపులు తెరిచే వేళకే అభ్యర్థులు వచ్చేస్తారు. ఒక చేతిలో టిఫిన్‌ బాక్సు, భుజాన పుస్తకాల సంచి. లోపల కుర్చీ దొరికితే సరే, లేకపోతే చెట్టు కిందో మెట్ల మీదో కూర్చుని మొదలుపెడతారు. పక్కనే అశోక్‌నగర్‌. అక్కడ వీధివీధికీ హాస్టలు, మెస్సు, జిరాక్స్‌ షాపు, నెలకింత అని సీటు అద్దెకిచ్చే స్టడీ హాలు. తెలుగు అకాడమీ పుస్తకాలు, కరెంట్‌ అఫైర్స్‌ మ్యాగజైన్లు, ఎవరో రాసిన నోట్సు కాపీలు ఫుట్‌పాత్‌ల మీదే దొరుకుతాయి. డబ్బు అడుగంటిన నెలాఖరులో ఐదు రూపాయల భోజనమే చాలామందికి దిక్కు.

కృష్ణా జిల్లా అవనిగడ్డది ఇదే బతుకు, ఇంకో రూపంలో. డీఎస్సీ వస్తోందన్న మాట వినపడితే చాలు, ఆ చిన్న ఊరికి నలుమూలల నుంచీ బీఈడీ, డీఈడీ చేసినవాళ్లు చేరుకుంటారు. ఇళ్ల వాటాలు అద్దెకు పోతాయి, మెస్సులు నిండుతాయి. బ్యాంకు పరీక్షలంటే నంద్యాల. ఊరు మారినా వచ్చినవాళ్ల కథ ఒక్కటే. ఇంట్లో మొదటి డిగ్రీ తమదే. నాన్నది కౌలు సేద్యమో, మేస్త్రీ పనో. సర్కారు ఉద్యోగమంటే వాళ్లకు జీతం ఒక్కటే కాదు. ఒకరి దయతో పనిలేకుండా మార్కులతో సంపాదించుకునే గౌరవం. అందుకే ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న మూడు మాటల మీద తెలంగాణ ఉద్యమం నడిచింది.

ఒక ఆశ, మూడు ప్రిలిమ్స్‌

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ వచ్చింది. ఆ తర్వాత తెలంగాణకు తొలి గ్రూప్‌-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది. పోస్టులు 503. దరఖాస్తు చేసినవారు మూడు లక్షల ఎనభై వేల వరకూ ఉన్నారు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్‌ జరిగింది. 2023 మార్చిలో పేపర్ల లీకేజీ బయటపడి అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్‌ నమోదు వంటి నిబంధనలు పాటించలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్‌, జూన్‌లో మూడో ప్రిలిమ్స్‌, అక్టోబరులో మెయిన్స్‌. కోర్టు వ్యాజ్యాలు వెంటాడుతుండగానే నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరు చివర్లో.

2022లో ఇరవై ఆరేళ్ల వయసులో ఫీజు కట్టిన అభ్యర్థి ఆ పత్రం అందుకునేసరికి ముప్పైకి దగ్గరపడ్డాడు. అందుకున్నవాడు అదృష్టవంతుడు. అందనివాళ్లే లక్షల్లో ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే నడిచింది. 2018 డిసెంబరులో ప్రకటించిన గ్రూప్‌-1లో జవాబుపత్రాలను డిజిటల్‌గా దిద్దాలా, చేత్తో దిద్దాలా అన్న వివాదం కోర్టుకెక్కింది. ఎంపికైనవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయాక, 2024 మార్చిలో హైకోర్టు సింగిల్‌ జడ్జి ఆ మెయిన్స్‌నే రద్దు చేశారు. డివిజన్‌ బెంచ్‌ ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. కొలువు వచ్చినా కంటి నిండా నిద్ర రాని పరిస్థితి అది.

వాయిదా ఎక్కడ పుడుతుంది?

తెలంగాణ గ్రూప్‌-2 ప్రకటన 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. తర్వాత నవంబరన్నారు, 2024 జనవరన్నారు, ఆగస్టన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబరులో. కొన్ని వాయిదాలు అభ్యర్థులే కోరి తెచ్చుకున్నారు కదా అని విమర్శించేవాళ్లున్నారు. నిజమే, కోరారు. ఎందుకు కోరారో కూడా చూడాలి. 2023లో గురుకుల పరీక్షలూ, 2024లో డీఎస్సీ పరీక్షలూ సరిగ్గా గ్రూప్‌-2 పరీక్షకు ముందు రోజుల్లోనే వచ్చిపడ్డాయి. ఏళ్ల తరబడి ఖాళీలు నింపకుండా ఉంచి ఒక్కసారిగా ప్రకటిస్తే పరీక్షలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో తెలియని పరీక్షను వదులుకునే ధైర్యం ఎవరికుంటుంది? వచ్చే ఏడాది ఇదే నెలలో ఇదే పరీక్ష ఉంటుందన్న భరోసా ఉంటే రోడ్డెక్కి వాయిదా అడిగేవాళ్లే ఉండరు.

ఇంకో చిక్కూ ఉంది. ప్రతిభ ఉన్న అభ్యర్థి నాలుగు ఉద్యోగాలకు ఎంపికవుతాడు, చేరేది ఒక్కదాంట్లోనే. చిన్న పోస్టు ముందు, పెద్ద పోస్టు తర్వాత నింపుతూ పోతే అతడు వదిలిన కుర్చీలన్నీ ఖాళీగా మిగిలిపోతాయి. గురుకుల నియామకాల్లో అభ్యర్థులు పోరాడింది ఈ విషయంలోనే. పైనుంచి కిందికి నింపుకుంటూ రావడం ఖర్చులేని సంస్కరణ. దానికి కావలసింది క్రమశిక్షణ మాత్రమే.

ఆలస్యానికి పరిహారంగా ప్రభుత్వాలు గరిష్ఠ వయోపరిమితి పెంచుతుంటాయి. తెలంగాణలో యూనిఫాం పోస్టులు మినహా అది 44కు, తర్వాత 46కు చేరింది. అవకాశం కోల్పోయినవాళ్లకు అది ఊరటే. కానీ పోయిన ఏళ్లను అది తిరిగివ్వదు. నిరీక్షణను ఇంకొంత పొడిగిస్తుంది. ఆ భారం అమ్మాయిల మీద మరీ ఎక్కువ. కొడుక్కి ఐదేళ్లిచ్చే ఇల్లు కూతురికి రెండేళ్లే ఇస్తుంది. పరీక్ష ఒక్కసారి వాయిదా పడితే కొందరి చదువు అక్కడితో ఆగి పెళ్లిచూపులు మొదలవుతాయి.

చదివేవాళ్ల చేతిలో ఉన్నది

తేదీ తెలియనప్పుడు ఒక్క పరీక్షనే నమ్ముకోవడం ప్రమాదం. తెలంగాణ గ్రూప్‌-2కు నాలుగు పేపర్లు, ఆరు వందల మార్కులు. అందులో మూడు పేపర్ల సిలబస్‌ గ్రూప్‌-3కి దాదాపు అదే. అర్థమెటిక్‌, రీజనింగ్‌ ఒకసారి చేతికొస్తే కానిస్టేబుల్‌, ఎస్సై, బ్యాంకు, రైల్వే పరీక్షలన్నింటికీ పనికొస్తాయి. తెలుగు మీడియంవాళ్లు కేంద్ర ఉద్యోగాలు తమవి కావనుకునే రోజులు పోయాయి. స్టాఫ్‌ సెలెక్షన్‌ కమిషన్‌ కొన్ని పరీక్షలను తెలుగులోనూ పెడుతోంది. రైల్వే పరీక్షలు, గ్రామీణ బ్యాంకుల పరీక్షలు కూడా తెలుగులో రాయొచ్చు.

పుస్తకాలు పెంచుకోవడం కన్నా ఉన్న పుస్తకాన్ని మళ్లీమళ్లీ చదవడం మేలు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని సిలబస్‌లో ఏ ముక్క నుంచి ఎన్ని బిట్లు వచ్చాయో గుర్తుపెట్టుకుంటే ఏది వదలొచ్చో తెలుస్తుంది. మెయిన్స్‌కు చదవడం ఒక్కటే చాలదు. రోజూ గడియారం పెట్టుకుని రాయాలి. రాసింది తప్పులెంచే స్నేహితుడికి చూపించాలి. శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు. సివిల్స్‌ మెయిన్స్‌ తెలుగులో రాసి 2016 పరీక్షలో దేశంలోనే మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఆయన దారి అందరికీ విజయం ఇస్తుందని చెప్పలేం. చేతిలో ఒక జీతం ఉంచుకుని పెద్ద కలను వెంటాడటం సాధ్యమేనని మాత్రం చెప్పగలం.

అన్నింటికన్నా ముఖ్యమైన నిర్ణయం చదువు మొదలుపెట్టే రోజే తీసుకోవాలి. ఎన్నేళ్లు, ఎన్ని ప్రయత్నాలు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో చెప్పాలి. ఆ గడువు దాటాక చేసే పని ఏమిటో కూడా రాయాలి. ప్రభుత్వోద్యోగం రాకపోవడం తెలివి లేకపోవడం కాదు. మూడు లక్షల ఎనభై వేల మందికి ఐదు వందల మూడు పోస్టులన్నప్పుడు మిగిలినవాళ్లందరూ పనికిరానివాళ్లని ఏ లెక్క చెబుతుంది? వాళ్లు పనికిరానివాళ్లు కాదన్న మాట ముందు తల్లిదండ్రులు నమ్మాలి. పండక్కి ఇంటికొచ్చిన పిల్లల్ని ‘ఎప్పుడొస్తుందిరా ఉద్యోగం?’ అని చుట్టాల ముందు అడగకండి. జవాబు వాళ్ల దగ్గర లేదు. జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

చేతకాక కాదు

యూపీఎస్సీ 2023 సివిల్స్‌ ప్రకటన ఫిబ్రవరి ఒకటిన వచ్చింది. మేలో ప్రిలిమ్స్‌, సెప్టెంబరులో మెయిన్స్‌, 2024 ఏప్రిల్‌లో తుది ఫలితం. పాలమూరు అమ్మాయి దోనూరు అనన్యరెడ్డి మూడో ర్యాంకు సాధించింది ఆ పరీక్షలోనే. మొత్తం పద్నాలుగున్నర నెలలు. దాదాపు ఏటా ఇంతే.

మన రాష్ట్రాలూ తలచుకుంటే చేయగలవు. తెలంగాణ 2024 ఫిబ్రవరి చివర 11,062 పోస్టులతో డీఎస్సీ ప్రకటించి అక్టోబరులో నియామక పత్రాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటించి సెప్టెంబరుకల్లా పూర్తిచేసింది. అయితే ఆ వేగానికి ముందు ఏళ్ల తరబడి ఎదురుచూపు ఉంది. అంతకుముందు ఏపీలో పెద్ద ఎత్తున డీఎస్సీ నియామకాలకు దారితీసిన ప్రకటన 2018 నాటిది.

కేంద్ర పరీక్షల్లో వ్యవస్థీకృతంగా సాగే ప్రశ్నపత్రాల లీకేజీకి పదేళ్ల దాకా జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా విధించేలా కేంద్రం 2024లో చట్టం తెచ్చింది. తప్పుచేస్తే శిక్ష ఉండాల్సిందే. ఆలస్యానికి కూడా బాధ్యులుండాలి. తెలంగాణ అసెంబ్లీలో 2024 ఆగస్టులో జాబ్‌ క్యాలెండర్‌ ప్రకటించారు. రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి క్యాలెండర్‌ చట్టంగా మారాలి. ప్రతి శాఖా ఏటా ఖాళీలు చెప్పాలి. రిజర్వేషన్‌, రోస్టర్‌ చిక్కులు నోటిఫికేషన్‌కు ముందే తేలాలి. పరీక్ష నుంచి నియామకం దాకా గడువు ముందే రాసి ఉండాలి, గడువు దాటితే కమిషన్‌ శాసనసభకు కారణం చెప్పాలి. పదహారు వేల పోస్టుల నియామకాన్ని ఒక రాష్ట్రం అయిదు నెలల్లో ముగించగలిగినప్పుడు, ఇంకో రాష్ట్రంలో ఐదు వందల పోస్టులకు మూడేళ్లకు పైగా పట్టడాన్ని మామూలు సంగతిగా తీసుకోకూడదు. అభ్యర్థులు కోరుతున్నది ఉద్యోగం దానంగా ఇవ్వమని కాదు. పరీక్ష పెట్టి, చెప్పిన రోజున, నిజాయతీగా ఫలితం చెప్పమని. అది వాళ్లకు దక్కాల్సిన హక్కు.