తండ్రి ధమని, బిడ్డ సిర

పాప పుట్టి వారమైనా కాలేదు. ఒంట్లోంచి రక్తం పోతూనే ఉంది. తండ్రి స్వయానా సర్జన్, అయినా ఏమీ చేయలేకపోయాడు. 1908 మార్చి, న్యూయార్క్. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో కుక్కల మీద ప్రయోగాలు చేసుకుంటున్న ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ కారెల్‌ను రాత్రికి రాత్రి ఆ ఇంటికి తీసుకొచ్చారు. తండ్రి మణికట్టు దగ్గరి ధమనిని పాప కాలి సిరకు కలిపి కుట్టాడాయన. అగ్గిపుల్లంత సన్నని సిర అది. పాలిపోయిన ఒళ్లు కాసేపటికి గులాబీ రంగుకు తిరిగింది. పాప బతికింది.

ఆ కుట్టు కథ మొదలైంది లియాన్ నగరంలో. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నోను అక్కడే ఒకడు కత్తితో పొడిచాడు. కాలేయానికి వెళ్లే పెద్ద సిర తెగింది. దాన్ని కుట్టడం ఎవరికీ చేతకాక ఆయన ప్రాణం పోయింది. వైద్య విద్యార్థి కారెల్‌కు ఇది మింగుడుపడలేదు. ఊళ్లో పేరున్న ఎంబ్రాయిడరీ కళాకారిణి దగ్గర సన్నసూది, పట్టుదారం పట్టడం నేర్చుకున్నాడు. మెత్తని నాళాన్ని కుట్టబోతే అవతలి గోడ కూడా సూదికి చిక్కుతుంది. అందుకని అంచున సమాన దూరంలో మూడు కుట్లు వేసి, దారాలను మూడు వైపులా లాగి పట్టించాడు. గుండ్రం కాస్తా త్రికోణమైంది; ఇక కుట్టాల్సింది మూడు తిన్నని అంచులే. రక్తం గడ్డకట్టకుండా దారానికి వాజిలిన్ పూసేవాడు. 1912లో నోబెల్ తెచ్చిపెట్టింది ఈ పనితనమే.

పాప విషయంలో అదృష్టమూ కలిసొచ్చింది: తండ్రి రక్తం ఆమెకు సరిపడింది. బ్లడ్ గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ 1901లోనే చెప్పినా, సరిచూసి ఎక్కించే అలవాటు ఇంకా స్థిరపడలేదు.

ప్రయోగశాలలో కారెల్ కుక్క కిడ్నీ తీసి, ఇదే కుట్టుతో అదే కుక్కకు తిరిగి అమరిస్తే పనిచేసేది. మరో కుక్కకు పెడితే కొన్నాళ్లకే చెడిపోయేది. లోపం కుట్టులో లేదని, పరాయి అవయవాన్ని ఒళ్లే ఒప్పుకోవడం లేదని కారెల్ గ్రహించాడు. బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే 1954లో సమరూప కవలల మధ్య కిడ్నీ మార్చి ఆ చిక్కు తప్పించుకున్నాడు. మిగతావాళ్లకు దారి చూపిన మందులు తర్వాత వచ్చాయి.

అంత నేర్పున్న మనిషి బుర్రలో విషమూ ఉంది. కొందరు నేరస్థులను గ్యాస్‌తో చంపేయొచ్చని 1935లో పుస్తకంలోనే రాశాడు. లియాన్‌లో ఆయన పేరు పెట్టుకున్న వైద్య కళాశాల 1996లో ఆ పేరు తీసేసింది. మంచి పనే. కుట్టును మాత్రం ఏ సర్జనూ వదులుకోలేదు, వదులుకోనక్కర్లేదు కూడా.

కుట్టయితే ప్రపంచమంతా నేర్చుకుంది, రక్తమే అందరికీ అందడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా జరిగే సుమారు 11.85 కోట్ల రక్తదానాల్లో 40 శాతం సంపన్న దేశాల్లోనివే. జనాభాలో వాటి వాటా 16 శాతం. 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. మన దేశంలో డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు 1998 జనవరి నుంచి ఆపించింది. అయినా "ఒక యూనిట్ కావాలంటే ఒక డోనర్‌ని తెచ్చుకోండి" అన్న మాట బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. పల్లె నుంచి భార్యను తీసుకొచ్చిన కూలీకి పట్నంలో తెలిసినవాళ్లెవరుంటారు? బావమరిదికి ఫోన్ చేస్తాడు. అతను బస్సు దిగేదాకా ఆపరేషన్ ఆగుతుంది.