మనస్సు చెప్పేదా, వాక్యం చెప్పేదా?



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సంఘాల్లో విశ్వాసులు తరచుగా అడిగే ఒక ప్రశ్నను ఈ రోజు ధ్యానించుకుందాం. "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్న కొత్తలో మోకరిస్తే చాలు, కన్నీళ్లు వచ్చేవి. ఇప్పుడు రావడం లేదు. దేవుడు నన్ను విడిచిపెట్టాడా? అసలు నాకు రక్షణ ఉందా?" ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి జవాబు దొరకక మందిరానికి రావడం మానుకున్నవారు ఉన్నారు. ఏ కూటంలో కన్నీళ్లు వస్తే ఆ కూటానికి ఊరూరా తిరిగేవారూ ఉన్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. రాత్రిపూట నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డకు బయలుదేరారనుకోండి. సుమారు 40 కిలోమీటర్ల దారి. కాసేపు కునుకు పడుతుంది. ఉలిక్కిపడి లేచి, 'అయ్యో, ఊరు దాటిపోయిందేమో' అని కంగారు పడతారు. కిటికీలోంచి చూస్తే, ఆళ్లగడ్డ ఇంకా ముందుందని రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చెబుతుంది. శిరివెళ్ల ఇప్పుడే దాటారు. మీ కంగారు అబద్ధం కాదు, నిజంగానే గుండె దడదడలాడింది. కాని ఆ కంగారు మీరు ఎలా ఉన్నారో చెప్పిందే గాని, ఎక్కడ ఉన్నారో చెప్పలేదు. ఎక్కడ ఉన్నారో చెప్పింది రాయి. ప్రియులారా, మన భావాలూ అంతే. అవి మన స్థితిని చెబుతాయి, దేవుని తీర్పును చెప్పలేవు. దేవుని తీర్పు ఆయన వాక్యంలో ఉంది.

అలాగని భావాలు పాపం కావు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీరు విడిచాడు. 42వ కీర్తనలో భక్తుడు తన ప్రాణం కృంగిపోయిన సంగతి దాచుకోలేదు. కాని గమనించండి, తన ప్రాణం చెప్పేది వింటూ అతడు కూర్చుండిపోలేదు. తన ప్రాణంతో తానే మాట్లాడి, దేవునియందు నిరీక్షణ ఉంచమని దానికి బోధించాడు.

మొదటిగా, వాక్యం ముందు, అనుభూతి వెనుక అని తెలుసుకోవాలి. లూకా సువార్త 24వ అధ్యాయం చూడండి. ఇద్దరు శిష్యులు ఎమ్మాయుకు నడిచి వెళ్తున్నారు. మన తెలుగు బైబిలు ఆమడ దూరం అంటుంది; మూలభాషలో 60 స్తాదియలు, అంటే సుమారు 11 కిలోమీటర్లు. అంతా అయిపోయిందని వారి మనస్సు చెబుతోంది. కాని లేచిన ప్రభువు వారి పక్కనే నడుస్తున్నాడు! మేకుల గుర్తులు చూపించి వారిని అక్కడికక్కడే ఆనందింపజేయవచ్చు గదా? ఆయన అలా చేయలేదు. మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనాలు వివరించాడు. తమ హృదయం ఎప్పుడు మండిందో ఆ శిష్యులు తరువాత గుర్తు చేసుకున్నారు. దారిలో ఆయన లేఖనాలు విప్పినప్పుడే!

రెండవదిగా, చీకటి భావాలను దేవుని స్వరం అనుకోకూడదు. ఇంగ్లాండు దేశంలో విలియం కౌపర్ అనే కవి ఉండేవాడు. ఆయన 1731లో పుట్టాడు. జాన్ న్యూటన్ గారితో కలిసి ఆయన రాసిన కీర్తనలు 1779లో పుస్తకంగా వచ్చాయి. అయితే ఆయన తీవ్రమైన మనోవ్యాధితో బాధపడ్డాడు. 1773లో వచ్చిన ఒక భయంకరమైన కలను బట్టి, దేవుడు తనను త్రోసివేశాడని నమ్మాడు. 1800లో చనిపోయే వరకు ఆ భయం ఆయనను పూర్తిగా వదలలేదు. ఆయనను నిందించడానికి ఇది చెప్పడం లేదు, అది రోగం. అలాంటి బాధలో ఉన్నవారికి ప్రార్థనతోపాటు వైద్యుడు కావాలి, పక్కన నిలిచే స్నేహితులు కావాలి. కాని ఆయన రాసిన పాటలు ఎందరినో ఆదరించాయి. త్రోసివేయబడ్డానని అనిపించడం వేరు, త్రోసివేయబడడం వేరు. మన హృదయం మనమీద దోషారోపణ చేసినా, దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని 1 యోహాను 3:20 బోధిస్తుంది. అదే పత్రిక 5:13లో, విశ్వసించినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే తాను రాశానని యోహాను చెప్పాడు. అనిపించాలని కాదు, తెలుసుకోవాలని!

మూడవదిగా, ఉత్సాహాన్ని కూడా వాక్యంతో పరీక్షించాలి. పేతురు కొండమీద ప్రభువు మహిమను కళ్లారా చూశాడు, ఆకాశం నుండి స్వరం విన్నాడు. అంతకంటే గొప్ప అనుభవం ఎవరికుంది? అయినా 2 పేతురు 1వ అధ్యాయంలో ఆయన మనలను ప్రవచన వాక్యం వైపే త్రిప్పి, దానిని చీకటిలో వెలిగే దీపంతో పోల్చాడు. కూటంలో ప్రార్థన తరువాత ఒళ్లు తేలికైనట్లు అనిపించిందని షుగర్ మాత్రలు, బి.పి. మాత్రలు ఆపివేసేవారున్నారు. ఇది ప్రాణానికే ముప్పు. మత్తయి 8వ అధ్యాయంలో ప్రభువు కుష్ఠరోగిని నిజంగా బాగుచేసి కూడా, వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. గనుక డాక్టరు చెప్పకుండా మందు మానవద్దు.

మరి వాక్యాన్ని ఎలా ఆధారం చేసుకోవాలి? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దానపు కార్డు తీసుకుంటాం. మంచి మాట వస్తే ఏడాదంతా సంతోషం, గద్దింపు వస్తే దిగులు. అదీ అనుభూతి మీద ఆధారపడటమే. యిర్మీయా 29:11 చాలామందికి ఇష్టమైన వాగ్దానం. దాని పై వచనం చదివారా? బబులోనులో 70 సంవత్సరాలు గడవాలని అక్కడ ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనంలో ఉంది. ఆ వాగ్దానం రేపటి ఉద్యోగానికి చీటీ కాదు, దీర్ఘకాలం కనిపెట్టే ప్రజలకు దేవుడిచ్చిన మాట. గనుక కార్డు మీది వచనం ఇంటికి వెళ్లి అధ్యాయమంతా చదవండి. ఒంటరిగా అర్థం కాకపోతే సంఘంలో అడగండి. బెరయవారు పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూశారు. కాపరి మాటనైనా, ఈ ప్రసంగాన్నైనా అలాగే సరిచూడండి.

మన పెద్దలకు ఈ భాగ్యం సులభంగా రాలేదు. తెలుగులో మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. బైబిలు మొత్తం తెలుగులో 1854లో గాని రాలేదు. 19వ శతాబ్దంలో ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో ఎస్.పి.జి. మిషను ద్వారా విశ్వసించిన పల్లెవారిలో చాలామందికి చదువు రాదు. వారు విన్న వాక్యాన్నే కంఠత పట్టి నిలబడ్డారు. ఈనాడు మన ఇంట్లో బైబిలు ఉంది, చేతి ఫోనులోనూ ఉంది. కన్నీళ్లు రాని ఉదయం కూడా దానిని తెరవండి. ఒక్క వచనం కంఠత పట్టండి. అనుభూతి వస్తే స్తోత్రం, రాకపోయినా దేవుని మాట మారదు.

ప్రార్థించుకుందాం. ప్రేమగల తండ్రీ, మా మనస్సు ఊగిసలాడినా నీ వాక్యం స్థిరమని నేర్పినందుకు స్తోత్రం. ఈ దినం ఏ ఆనందమూ తోచక కూర్చున్న సహోదరుని, సహోదరిని నీ మాటతో లేవనెత్తుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.