కణములోని కొలిమి

మంచిర్యాల జిల్లాలో, గోదావరికి ఉత్తరపు దిక్కున జైపూర్ అను మండలము కలదు. నదికి ఆవలి గట్టున రామగుండము, గోదావరిఖని బొగ్గుగనులున్నవి. సింగరేణి బొగ్గు గనుల సంస్థవారు జైపూరులో నిర్మించిన తాపవిద్యుత్కేంద్రము 2016లో విద్యుదుత్పత్తి నారంభించినది. ఒక్కొక్కటి 600 మెగావాట్ల శక్తిగల రెండు విభాగములు అందున్నవి. కోట్లకొలది సంవత్సరములు భూగర్భమున నిద్రించిన బొగ్గు అక్కడ పొడిగా మారి, కొలిమిలో మండి, నీటిని ఆవిరిగా మార్చును. ఆవిరి చక్రమును త్రిప్పును. పుట్టిన విద్యుత్తు తీగెల వెంట ఊరూరికి పోవును. అయితే ఏ యింట దీపము వెలుగవలెనో, ఏ గనిలో యంత్రము తిరుగవలెనో బొగ్గు నిర్ణయింపదు. మండు వస్తువు వేరు. మీట నొక్కు చేయి వేరు.

ప్రతి ప్రాణి శరీరమునందును ఇట్టి కొలుములు కలవు. అవి కంటికి కానరాని కణములలో నున్నవి. తిన్న అన్నము, జొన్నరొట్టె, పప్పు జీర్ణమై, గ్లూకోజు మొదలగు రూపములలో కణములకు చేరి, అక్కడ మెల్లమెల్లగా దహింపబడి శక్తినిచ్చును. ఈ మార్పులన్నింటికిని కలిపి జీవక్రియ యని పేరు. ఆహారము బొగ్గువలె ఇంధనము మాత్రమేయనియు, కణము చేయవలసిన పనులను నిర్ణయించునవి జన్యువులేయనియు చాలకాలము తలచుచుండిరి. కాని కణమున దహింపబడు ఆహారము నుండియే ఒక చిన్న తునుక వెడలి, జన్యువుల మీటను కూడ కదలించునని క్రమముగా తెలియవచ్చినది. ఈ రహస్యము బయల్పడుటకు తోడ్పడిన వారిలో ఒక తెలుగువాడు కూడ నుండుట మనకు గర్వకారణము.

ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించెను. బాల్యమున చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు ఉత్తీర్ణుడయ్యెను. ఆయన సోదరుడొకడు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియయ్యెను. మదరాసులో వైద్యము చదివి, 1922లో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. చేతిలో ధనము లేకుండుటచే ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్ట పోసికొనెను. తరువాత హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే యను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, రక్తములోను కండరములలోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతితో పరిశోధించుచు వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరములలో కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. కణములో శక్తికి ఏ.టి.పి. రొక్కము వంటిది. కొలిమిలో పుట్టిన శక్తి ఆ రూపమున నిలిచి, అక్కరపడినచోట ఖర్చగును.

సుబ్బారావు అంతటితో ఆగలేదు. 1939లో జార్జి హిచింగ్స్‌తో కలిసి, బి-విటమినులలో నొకటియైన పాంటోథెనిక్ ఆమ్లముపై పరిశోధన ప్రకటించెను. తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నేతృత్వమున పనిచేసినవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా నుపయోగపడెను. 1948లో, ఏబదిమూడేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను.

ఈలోగా 1945లో ఫ్రిట్జ్ లిప్మన్ అను శాస్త్రజ్ఞుడు కో-ఎంజైము-ఏ అను అణువును గుర్తించెను. దాని నిర్మాణమును విప్పి చూడగా, అందొక భాగము పాంటోథెనిక్ ఆమ్లమనియు, మరియొక భాగము ఏ.టి.పి. నుండి వచ్చునదనియు తేలెను. సుబ్బారావు వేర్వేరుగా పరిశీలించిన రెండు పదార్థములును ఒక్క అణువునందే కలిసియున్నవి! ఈ అణువు చేయు పని బరువు మోయుట. సిర్కాకు పులుపునిచ్చు ఎసిటిక్ ఆమ్లము నుండి వచ్చు తునుకకు ఎసిటైల్ సమూహమని పేరు. కణములో గ్లూకోజు, క్రొవ్వు విరిగినపుడు వెలువడు ఎసిటైల్ సమూహమును కో-ఎంజైము-ఏ మోసికొని, కొలిమిలోనికి గొనిపోవును. అక్కడ అది దహింపబడి శక్తినిచ్చును. బొగ్గును మోయు బండి వలెనే ఇదియు పనిచేయునని చెప్పవచ్చును. అయితే ఈ బండి తన సరకునంతయు కొలిమికే అర్పింపదు. అందు కొంత జన్యువుల కడకు చేరును. అది యెట్లో తెలియుటకు జన్యువులున్న తీరును తెలిసికొనవలెను.

మానవ కణమొక్కొక్కదానిలో దాదాపు రెండు మీటర్ల పొడవుగల డి.ఎన్.ఏ. అను దారము కలదు. అది ఇమిడియున్న కేంద్రకము వెడల్పు మిల్లీమీటరులో నూరవవంతు కూడ నుండదు. ఇంత పొడవైన దారము చిక్కుపడకుండ ఇమిడియుండుటకు ప్రకృతి నేతగాని ఉపాయమునే పన్నినది. నేతగాడు నూలును కండెలకు చుట్టినట్లు, కణము డి.ఎన్.ఏ.ను హిస్టోనులను మాంసకృత్తులకు చుట్టియుంచును. ఎనిమిది హిస్టోనులు కలిసి ఒక కండె యగును. దానిచుట్టును దారము రెండుచుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొనును. హిస్టోనులను 1884లో ఆల్బ్రెక్ట్ కోసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అవి దారమును చుట్టుకొనుటకే యున్నవని ఎనుబది ఏండ్లవరకు చాలమంది తలచిరి.

డి.ఎన్.ఏ.కు ఋణ విద్యుదావేశము కలదు. హిస్టోను నుండి బయటకు చాచియున్న తోకలలో లైసీన్ అను భాగములకు ధన విద్యుదావేశము కలదు. భిన్నావేశములు ఆకర్షించుకొనును గనుక దారము కండెను గట్టిగా పట్టుకొనియుండును. గట్టిగా చుట్టిన చోట జన్యువును చదువుటకు వలయు ఎంజైములు చొరలేవు. అట్టి జన్యువు మూసిన పుస్తకము వంటిది. ఎసిటైల్ సమూహము వచ్చి లైసీనుపై కూర్చున్నచో దాని ధనావేశము పోవును, పట్టు సడలును, కొన్ని మాంసకృత్తులు ఆ గుర్తును చూచి అచ్చటికి చేరును. అంతట జన్యువు చదువబడుట సులభమగును. ఈ సంగతిని 1964లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థయందు విన్సెంట్ ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు సూచించిరి. ఈ గుర్తును పెట్టు ఎంజైము జన్యువులను మేల్కొలుపునదే యని 1996లో డేవిడ్ ఆలిస్, ఆయన సహచరులు నిరూపించిరి. గుర్తును తుడిచివేయు ఎంజైము కూడ అదే సంవత్సరమున మరియొక ప్రయోగశాలలో పట్టువడెను. పెట్టు చేయియు, తుడుచు చేయియు తెలిసినవి. ఆ గుర్తులకు వలయు సరకు ఎక్కడనుండి వచ్చుననునది మిగిలిన ప్రశ్న.

దానికి కాథరిన్ వెలెన్, క్రెగ్ థాంప్సన్ మొదలగువారు 2009లో ఒక సమాధానము చెప్పిరి. కణమునకు గ్లూకోజు సమృద్ధిగా లభించినపుడు, కొలిమిలో పుట్టిన సిట్రిక్ ఆమ్లములో కొంత బయటకు వచ్చును. నిమ్మపండ్లకు పులుపునిచ్చునదియు ఈ ఆమ్లమే. దానిని ఒక ఎంజైము ఖండించి ఎసిటైల్ కో-ఎంజైము-ఏను మరల పుట్టించును. పరిశోధకులు మానవ కణములలో ఆ ఎంజైము తయారుకాకుండ చేసి చూచిరి. హిస్టోనులపైని ఎసిటైల్ గుర్తులు తగ్గెను. గ్లూకోజు వినియోగమునకు వలయు కొన్ని జన్యువుల పనియు మందగించెను. సరకు దొరకు మరియొక దారిగా ఎసిటేటును విరివిగా అందించినపుడు గుర్తులు తిరిగి హెచ్చెను. గుర్తులు పెట్టు చేతికి సరకు నందించునది కొలిమియే యని ఈ ప్రయోగము తేటపరచెను.

లోకరీతిని బట్టి చూచినను ఇందలి న్యాయము బోధపడును. గాదె నిండిననాడు రైతు ఇల్లు కట్టుటకో పెండ్లి చేయుటకో పూనుకొనును. గాదె వట్టిదైననాడు ఉన్నదానిని పొదుపుగా వాడుకొనును. కణమును అంతే. ఎసిటైల్ సమూహములు విరివిగా నున్నచో, పెరుగుటకును విభజన చెందుటకును వలయు జన్యువులు విప్పుకొనును. ఉపవాసమున కథ మారును. గుర్తులను తుడుచు ఎంజైములలో కొన్నింటికి ఎన్.ఏ.డి. అను పదార్థము కావలెను. అదియు జీవక్రియనుబట్టి హెచ్చుతగ్గులగును. కనుక కణము తిన్నదో పస్తున్నదో పెట్టు చేతికిని తెలియును. తుడుచు చేతికిని తెలియును.

ఈ విషయము ప్రయోగశాలల గోడల నడుమనే నిలిచిపోవునది కాదు. జైపూరు విద్యుత్కేంద్రమునందును, గోదావరిఖని గనులయందును పని రేయింబవళ్లు సాగును. లోకము నిదురించువేళ రాత్రి షిఫ్టు కార్మికుడు మేలుకొని పనిచేయును. అర్ధరాత్రి దాటిన పిదప సద్ది విప్పి భుజించును. శరీరకణములలో ఇరువదినాలుగు గంటల గడియారమొకటి కలదు. ఆ గడియారమును నడపు మాంసకృత్తులలో నొకటి స్వయముగా హిస్టోనులపై ఎసిటైల్ గుర్తులు పెట్టగలదని 2006లో తెలిసినది. ఎన్.ఏ.డి. నాశ్రయించి పనిచేయు తుడుపు ఎంజైమొకటి దానికి ఎదురుగా నిలుచునని 2008లో తెలిసినది. ఎలుకలు సహజముగా రాత్రివేళ తినును. వాటికి పగటిపూట మాత్రమే ఆహారమిచ్చినచో, కాలేయములోని గడియారము క్రొత్త భోజనవేళకు లొంగిపోవును. మెదడులోని పెద్ద గడియారము మాత్రము వెలుతురునే అనుసరించును. ఒక్క దేహమునందే రెండు గడియారములు రెండు వేళలు చూపుచుండును!

మనుష్యులయందును దీర్ఘకాలము రాత్రి షిఫ్టులు చేయువారికి మధుమేహము, హృద్రోగము కలుగు అపాయము కొంత హెచ్చుగా నున్నట్లు పలుదేశముల పరిశీలనలు తెలిపినవి. దీనికి హిస్టోనుల గుర్తులే పూర్తిగా కారణమని చెప్పరాదు. నిద్రలేమి, అలసట, భోజనపు అక్రమము కూడ తోడగును. అయినను, కార్మికుని నీరసమును సోమరితనముగా నెంచువారు తప్పుగా నెంచుచున్నారని స్పష్టమగుచున్నది. షిఫ్టుల వరుసను నిర్ణయించువారు దేహధర్మమును గమనింపవలెను. దీపము వెలిగించుటకు ఒకని గడియారము చెడుట తప్పనిసరియైనప్పుడు, ఆ నష్టమును తగ్గించు బాధ్యత దీపపు వెలుగు ననుభవించువారిపైనను కలదు.

ఈ జ్ఞానము వైద్యమునకును తోడ్పడినది. గుర్తులను తుడుచు ఎంజైములను అడ్డగించు వోరినోస్టాట్ అను ఔషధము చర్మమునకు సంబంధించిన ఒక తరహా క్యాన్సరుకు 2006లో అమెరికాలో ఆమోదము పొందినది. ఇట్టి అడ్డగింపునే మితముగా చేయు బ్యూటిరేటు అను పదార్థము మన పెద్దప్రేగులో పుట్టుచున్నది. జొన్నలు, పప్పులు, కూరలలోని పీచును అచ్చటి సూక్ష్మజీవులు పులియబెట్టినపుడు అది తయారగును. హైదరాబాదులో 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో డి.ఎన్.ఏ. దారము చుట్టుకొను తీరునుగూర్చి పరిశోధనలు జరుగుచు వచ్చినవి.

అయితే సగము తెలిసిన శాస్త్రము అపాయకరము. సిర్కా త్రాగి జన్యువులను మేల్కొల్పవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. ఏ జన్యువు ఎప్పుడు విప్పుకొనవలెనో నిర్ణయించు మాంసకృత్తులు వేరుగా ననేకము కలవు. ఎసిటైల్ సమూహము వానికి సరకు నందించుచు, ఇంటి పరిస్థితిని తెలుపు వార్తాహరుని వంటిది మాత్రమే. అట్లే జన్యువులు కదలని తలవ్రాతలును కావు. వ్రాత ఒక్కటియే యైనను, ఏ పుట తెరవబడునో ఏ పుట మూయబడునో అన్నమును, నిద్రయు, వేళయు కొంతవరకు మార్చుచున్నవి.

పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడు కొలిచిన భాస్వరము, ఒక విటమిను, ఒక జర్మను పండితుడు కనుగొన్న మాంసకృత్తు — ఇవన్నియు వేర్వేరు కాలములలో వేర్వేరు చేతులు అందించిన ముక్కలు. అవి యొకచోట కూడుటకు నూటయిరువది ఏండ్లకు పైగా పట్టినది. వాని ఫలము జైపూరు వీథులలోని ఇండ్లకు కూడ చేరవలసి యున్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని తండ్రి ఉదయము ఇల్లు చేరి నిద్రించునపుడు, ఆ యింటి పిల్లలు తలుపు మెల్లగా మూసి, చప్పుడు చేయక బడికి పోవుదురుగాక! ఆ నిశ్శబ్దములో ఆయన కణములలోని గడియారములు తమ వేళను సరిచూచుకొనుచుండును.