బరువు తగ్గించే ఆపరేషన్ రెండోసారి జరిగాక: తిండి, బరువు, మాత్రలు

బరువు తగ్గించే ఆపరేషన్లు మా ఆసుపత్రిలో చేయడం లేదు. అయితే హైదరాబాదులోనో, విజయవాడలోనో, చెన్నైలోనో చేయించుకొని ఇంటికి చేరినవారు, ఆ తర్వాత వచ్చే ఇబ్బందులకు మా ఓ.పి.కే వస్తారు. వారిలో కొందరికి ఇది మొదటి ఆపరేషన్ కాదు, రెండోది. ముందు చేసినదాన్ని సరిచేయడానికో, వేరే రకంగా మార్చడానికో మళ్ళీ చేసేదాన్ని రివిజన్ సర్జరీ అంటారు. అలా వచ్చినవారు కూర్చోగానే అడిగేది దాదాపు ఒకటే మాట. "మొదటిసారి మూడు నెలల్లో 20 కిలోలు తగ్గానండి, ఈసారి 7 కిలోలే తగ్గాను. ఇది కూడా ఫెయిలయినట్టేనా?"

కాదు. రెండో ఆపరేషన్ తర్వాత బరువు మొదటిసారి కంటే నెమ్మదిగా, సాధారణంగా తక్కువగానే తగ్గుతుంది. మొదటిసారి 110 కిలోల మీద మొదలుపెట్టిన మనిషి, రెండోసారి 95 మీద మొదలుపెడితే కరగడానికి ఉన్న కొవ్వే తక్కువ. పైగా ఒకసారి బాగా బరువు తగ్గిన శరీరం తక్కువ ఆహారంతో సరిపెట్టుకోవడం నేర్చుకొని ఉంటుంది. రెండో మూడో వారంలో కాటా ముల్లు కదలకుండా నిలిచిపోవడం కూడా మామూలే. అందుకే రోజూ పొద్దున, సాయంత్రం కాటా ఎక్కవద్దని చెబుతాము. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే కాటా మీద చూసుకుంటే చాలు.

రెండో ఆపరేషన్ ఎందుకు అవసరమవుతుందో కుటుంబసభ్యులు కూడా తెలుసుకోవాలి. జీర్ణాశయం పైభాగానికి పట్టీలా బిగించే బ్యాండ్ పద్ధతి ఒకప్పుడు విదేశాలలో ఎక్కువగా చేశారు. అమెరికాలో దానికి 2001లో అనుమతి వచ్చింది. ఆ పట్టీ జారిపోవడం, జీర్ణాశయపు గోడను ఒరుసుకొని లోపలికి దిగడం వంటి చిక్కుల వల్ల చాలామందికి తర్వాత దాన్ని తీసేయవలసి వచ్చింది. మన దగ్గర ఎక్కువగా చేసేది స్లీవ్. అందులో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మాత్రం మిగులుతుంది. కొందరికి కొన్నేళ్ళకు ఆ గొట్టం సాగి బరువు తిరిగి వస్తుంది. మరికొందరికి బరువు బాగానే ఉన్నా, పుల్లని నీరు గొంతులోకి ఎగదన్ని రాత్రిళ్ళు నిద్ర ఉండదు. అప్పుడు దాన్ని బైపాస్‌గా మారుస్తారు. అంటే జీర్ణాశయంలో చిన్న సంచిని మాత్రం వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కాస్త కిందకు కలుపుతారు. కాబట్టి "మళ్ళీనా? నోరు కట్టుకోలేకపోయింది కాబోలు" అని అనేవారికి మా మనవి ఏమిటంటే, చాలాసార్లు కారణం నోరు కాదు. ఆ మాట విన్న మనిషి తర్వాత దాచుకొని తింటుంది, వాంతి అయినా చెప్పదు. మాకు అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి లేదు.

తిండి సంగతికి వద్దాము. మొదట పల్చని ద్రవాలు, తర్వాత పాలు, మజ్జిగ, వడకట్టిన సూపుల వంటివి, ఆ తర్వాత మెత్తగా చిదిమినవి, చివరకు మామూలు తిండి. ఈ వరుస అందరికీ తెలిసిందే, మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో ఉంటుంది. తెలియవలసింది ఏమిటంటే, పాత కుట్ల మీద మళ్ళీ కోత పడినందువల్ల వాపు తగ్గడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చు. మొదటిసారి ఐదో వారంలో ఇడ్లీ తిన్నాను కదా అని ఈసారీ అదే లెక్క వేసుకోవద్దు. ఈసారి కాగితం ఏమి చెబితే అదే.

మనవాళ్ళకు అసలు కష్టం అన్నంతో. ముద్దగా కలిపిన అన్నం ఆ చిన్న ద్వారం దగ్గర ఉండలా కట్టి ఆగిపోతుంది. గుండెల మధ్య రాయి పెట్టినట్టు ఉంటుంది, నోట్లో నీళ్ళూరి కక్కేస్తారు. దీని పరిష్కారం అన్నం మానడం కాదు, వరుస మార్చడం. ముందు గుడ్డు, చేప, కోడిమాంసం, పప్పు, పెరుగు; తర్వాత కూర; చోటు మిగిలితే చివరకు రెండు చెంచాల అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉన్నవి సుమారు 6 గ్రాములు. గ్లాసు పాలలోనూ అంతే. కోడిమాంసం 100 గ్రాముల్లో పాతికకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. లెక్క వేస్తే ఇది మూడు పూటల్లో వచ్చేది కాదని మీకే తెలుస్తుంది. ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. శాకాహారులకు ఇంకా కష్టం, పాలు, పెరుగు, పనీరు, పెసరపప్పు, సోయా వాడుకోవాలి, చాలకపోతే పొడి కలుపుకోవాలి.

తినే ముందు, తిన్న తర్వాత అరగంట వరకు నీళ్ళు తాగవద్దు. మధ్యలో మాత్రం గుక్కగుక్కగా తాగుతూనే ఉండాలి. మన ఎండలకు ఇది మరిచిపోతే నాలుక ఎండిపోయి, మూత్రం పసుపు పచ్చగా వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది.

ఇంకొక మోసం ఉంది. కోడిముక్క అడ్డుపడుతుంది, టీలో ముంచిన బిస్కట్టు మాత్రం జారిపోతుంది. జంతికలు, మిక్చరు, ఐస్‌క్రీము కూడా అంతే, ఎన్ని తిన్నా కడుపు నిండినట్టుండదు. నొప్పి పెట్టే మంచి తిండిని వదిలి, నొప్పి పెట్టని ఇటువంటి వాటికి అలవాటు పడిన వారికే ఎక్కువగా బరువు తిరిగి రావడం చూస్తున్నాము. తిండి అడ్డుపడుతున్నదంటే నమలడం చాలడం లేదనో, ద్వారం ఇరుకయిందనో అర్థం. వచ్చి చూపించుకోండి, బిస్కట్టుతో సర్దుకోకండి.

బైపాస్ అయినవారికి పాయసం, కూల్‌డ్రింకు, క్రిస్మస్ కేకు వంటివి తిన్న పది నిమిషాల నుంచి అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం రావచ్చు. దీనిని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. షుగరు వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారికి ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే మోతాదు తగ్గించవలసి రావచ్చు. పాత చీటీ ప్రకారం వాడుతూ పోవద్దు.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మన ఊళ్ళలో వాంతులు అనగానే దగ్గరలోని ఆర్.ఎం.పి. గారిని పిలిచి గ్లూకోజు సీసా ఎక్కించుకోవడం అలవాటు. ఈ ఆపరేషన్ అయినవారికి అది చాలా ప్రమాదం. బి1 విటమిన్, అంటే థయమిన్, మన శరీరంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిలవ ఉంటుంది. తిండి లేక, వాంతులతో అది అడుగంటిన సమయంలో గ్లూకోజు ఎక్కిస్తే, ఉన్న కాస్త విటమినూ ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. ఒక తల్లిని ఆమె కొడుకు ఆటోలో మా దగ్గరకు తీసుకొచ్చాడు. రెండు వారాలుగా వాంతులు, ఇంటి దగ్గర మూడు సీసాలు ఎక్కించారు. ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందని, అడుగు తడబడుతోందని ఆమె చెబుతుంటే, నీరసమే అనుకున్నామని అతను ఏడ్చాడు. థయమిన్ ఇంజక్షన్లతో చూపు కొద్ది రోజుల్లో సర్దుకుంది. నడక కుదరడానికి నెలలు పట్టింది. పాదాల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోతే సర్జన్ దగ్గరకో, పెద్ద ఆసుపత్రికో వెళ్ళండి. సీసా పెట్టే ముందే "ఈమెకు బైపాస్ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని చెప్పండి. చెప్పడానికి మొహమాటపడవద్దు.

మాత్రలు కోర్సు కాదు, జీవితాంతం. మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, బి12. కాల్షియం సిట్రేట్ రకమైతే బాగా ఒంటబడుతుంది. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, ఐరన్‌ను టీతో మింగవద్దు. మొదటి ఆపరేషన్ తర్వాత మాత్రలు మానేసి, లోటుతోనే రెండో ఆపరేషన్‌కు వెళ్ళినవారు త్వరగా రక్తహీనతలోకి జారతారు. మూడో నెల నుంచి జుట్టు రాలితే భయపడకండి, తిండి, మాత్రలు సరిగా ఉంటే చాలావరకు తిరిగి వస్తుంది. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తెచ్చుకోవద్దు. బైపాస్ అతుకు దగ్గర పుండు పడి రక్తస్రావమవుతుంది. పొగ తాగినా అదే పుండు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి, ఈ కాలంలో గర్భనిరోధక మాత్రలను నమ్ముకోకుండా వేరే పద్ధతి అడగండి.

విందుల సంగతి అత్తగార్లకు, పెద్దమ్మలకు. "పిట్టలా తింటే ఎలాగమ్మా, నా మాట కోసం ఇంకొక్క ముద్ద" అని కొసరి వడ్డించడం మన ప్రేమ. ఆ ఒక్క ముద్దే ఆమెను చేతులు కడుక్కునే చోటుకు పరుగెత్తిస్తుంది. పక్కన కూర్చొని కబుర్లు చెప్పండి, అదే మర్యాద. ఉపవాస ప్రార్థనల గురించీ అడుగుతుంటారు. మొదటి ఏడాది నీళ్ళు కూడా లేని ఉపవాసం వద్దే వద్దు. తర్వాతయినా డాక్టరును అడిగాకే. పాస్టరు గారితో ముందే ఒక మాట చెబితే ఎవరూ తప్పుపట్టరు.

రక్తపరీక్షలు మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆపైన ఏటా చేయించుకోవాలి. ఎన్నేళ్ళ తర్వాతయినా బైపాస్ అయినవారికి కడుపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే పేగు మెలిపడి ఉండవచ్చు, గ్యాసు అనుకొని తెల్లవారేదాకా ఆగకండి. మా దగ్గరకు వచ్చేటప్పుడు రెండు ఆపరేషన్ల డిశ్చార్జి కాగితాలూ తీసుకురండి. మొదటిది పోయిందంటే చేసిన ఆసుపత్రిలో అడిగి నకలు తెచ్చుకోండి. లోపల ఏ పేగు ఎక్కడ కలిపారో బయటి నుంచి చూసి మేము చెప్పలేము.