ఓకు పీపా - తాటి లొట్టి

ఇంట్లో కొత్తరకం సీసా కనబడితే చాలు, మన ఆడవారి కనుబొమలు ముడిపడతాయి. అది న్యాయమే. సారా మూలంగా ఎన్ని సంసారాలు గుల్లయ్యాయో, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఎందుకు తిరగబడ్డారో తెలిసినవారెవరూ ఆ ముడిని తప్పు పట్టరు. కనుక ముందే మనవి చేసుకుంటున్నాను. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. పులియబెట్టడమనే పాత విద్యకు ఒక దేశంలో దక్కిన మర్యాద ఏమిటో, మరో దేశంలో దక్కనిదేమిటో చెప్పే నాలుగు మాటలు మాత్రమే.

మా సామర్లకోట వాళ్ళకు పులిసిన తీపి వాసన కొత్త కాదు. భీమేశ్వరస్వామి గుడి తర్వాత, రైల్వే జంక్షను తర్వాత, ఒకప్పుడు మా ఊరి పేరు నలుగురి నోళ్ళలో నానడానికి కారణం దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళకే ఇక్కడ బెల్లాన్ని శుద్ధి చేసి పంచదార తీసేవారు. మిగిలిన మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి సారా దింపేవారు. పంచదారా అబ్కారీ ఒకే బోర్డు మీద పక్కపక్కన కూర్చున్న ఊరన్నమాట మాది!

అలాంటి ఊరికి, షికాగోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి వస్తూ ఒక నల్లటి సీసా పట్టుకొచ్చాడు.

"ఇది మామూలు బీరు కాదు మామయ్యా, ఏల్. ఏడాదిపాటు ఓకు పీపాలో మగ్గింది," అన్నాడు.

"మగ్గడానికి అదేమన్నా మామిడిపండా?" అంది మా ఆవిడ లోపలి నుంచి.

ఏమిటీ ఏల్?

యవలను నానబెట్టి మొలకెత్తిస్తారు. ఎండబెట్టి, మరపట్టి, వేడినీళ్ళలో వేస్తే గింజలోని పిండి తీపిగా మారి నీళ్ళలోకి దిగుతుంది. ఆ తీపినీళ్ళలో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. మామూలుగా దుకాణాల్లో దొరికే లాగర్ బీరుకు వాడే ఈస్టు చల్లని చోట, అడుగున చేరి నింపాదిగా పనిచేస్తుంది. ఏల్ ఈస్టు వెచ్చదనం కోరుతుంది. పైకి తేలుతూ, పండ్ల వాసనలు పుట్టిస్తూ పనిచేస్తుంది. మామూలు బీరులో మద్యం నూటికి సుమారు ఐదు పాళ్ళు. మా వాడు తెచ్చిన సీసా మీద పన్నెండని వేసి ఉంది.

ఇక పీపా సంగతి. ఓకు పీపాకూ మన దేశానికీ పాత చుట్టరికమే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో లండన్ దగ్గర బో అనే చోట హాడ్జ్‌సన్ వారి కార్ఖానా ఏల్‌ను పీపాలకెత్తి భారతదేశానికి ఓడల మీద పంపేది. 1820లలో బర్టన్ పట్టణం నుంచి ఆల్సప్ వారు పోటీకి దిగారు. ఒక్కో పెద్ద పీపాలో సుమారు 245 లీటర్లు. సూయజ్ కాలవ ఇంకా తవ్వని రోజులు. ఆఫ్రికాను చుట్టి, నెలల తరబడి సముద్రం మీద ఊగుతూ ఆ సరుకు మద్రాసు రేవులో దిగేది. అయితే ఆ కాలపు ఏల్ వ్యాపారులకు పీపా ఒక పాత్ర మాత్రమే. చెక్క రుచి పానీయానికి పట్టిందంటే అది దోషం.

ఇప్పుడా దోషమే గుణమైంది. అమెరికాలో బోర్బన్ విస్కీని లోపలివైపు కాల్చిన కొత్త ఓకు పీపాల్లోనే నిలవచెయ్యాలని చట్టం. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బోర్బన్‌కు పనికిరాదు. ఆ ఖాళీ పీపాలను 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ వంటి చిన్న కార్ఖానాలవారు కొని, వాటిలో చిక్కటి ఏల్ పోసి చూశారు. ఆ రుచి జనానికి నచ్చింది. పద్ధతి దేశదేశాలకూ పాకింది.

ఓకులోనే ఎందుకు? తెల్ల ఓకు కర్రలోని నాళాలు వాటంతటవే మూసుకుపోయి ఉంటాయి కనుక పీపా కారదు. అయినా కర్రలోంచీ పలకల సందుల్లోంచీ రవ్వంత గాలి ఆడుతూనే ఉంటుంది. ఆ గాలికి పానీయం నెలల తరబడి నెమ్మదిగా మెత్తబడుతుంది. కర్రలోనే వెనిల్లా వాసన, లవంగం వాసన, చిత్రంగా కొబ్బరి వాసన కూడా ఉన్నాయి. ఆ కొబ్బరి వాసన లాక్టోన్లనే పదార్థాల మహిమ.

రుచి చూడడం

మేనల్లుడు మూడు చిన్న గాజుగ్లాసుల్లో రెండేసి గుక్కలు పోశాడు. రంగు ముదురు తాటిబెల్లం పాకంలా ఉంది. నురుగు లేచినట్టే లేచి అణిగిపోయింది. ముందు వాసన చూడమన్నాడు. చూస్తే ఏముంది! వేయించిన కొబ్బరి, ఎండు ఖర్జూరం, అడుగంటబోయే పాకం.

మా ఆవిడ తాగలేదు కాని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పాత బీరువాలో ఎవరో కొబ్బరిలౌజు పెట్టి మరిచిపోయినట్టుంది," అంది. దీనికి మించిన వర్ణన నేను చెయ్యలేను.

నోట్లో పడగానే తీపి. అది మింగేలోగా చేదు వచ్చింది. కాకర చేదు కాదు. చిక్కటి కాఫీ డికాక్షను అడుగున ఉండే చేదు. ఆ వెనక పచ్చివక్క కొరికినప్పటి వగరు, చిగుళ్ళను పట్టుకుంది. అది చెక్క ఇచ్చిన వగరట. చివరికి గొంతులో సెగ. అరగంట పోయాక, గ్లాసు చలవ విడిచిన తర్వాత మళ్ళీ చప్పరిస్తే చేదు తగ్గి, పనసతొన లాంటి వాసనొకటి పైకొచ్చింది. బాగుందా అంటే, బాగుంది. కాని రెండు గుక్కలకే కడుపు నిండా భోంచేసినంత బరువు.

మూడో గ్లాసు మా పొలం గట్టున తాళ్ళు గీసే పెద్దాయనది. అరవై దాటాయి. ఆయన కళ్ళు మూసుకుని ఒక గుక్క తీసుకుని, చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"ఆయ్, గట్టి సరుకేనండి బాబుగారూ. చెక్క తెలుస్తందండి. కాని ఏ పూట దింపారో తెలవట్లేదండి. మా లొట్టిలో అయితే పొద్దు తెలుసుద్దండి," అన్నాడు.

పొద్దు తెలిసే రుచి

ఆయన మాటలో శాస్త్రముంది. సున్నం పూసిన లొట్టిలో రాత్రంతా పట్టి, తెల్లారకుండా దింపితే అది నీరా. సున్నం పులుపును ఆపుతుంది. చక్కెర నూటికి పది పన్నెండు పాళ్ళుంటుంది. సున్నం లేని లొట్టిలో అయితే చెట్టు మీద ఉండగానే ఈస్టూ, సూక్ష్మజీవులూ పని మొదలుపెడతాయి. పొద్దున తీపిలో చిన్న జివ్వు. మధ్యాహ్నానికి తీపీ పులుపూ సమానం. సాయంత్రానికి మద్యం నాలుగైదు పాళ్ళకు చేరి, తీపి తప్పుకుంటుంది. మర్నాటికి వినిగర్ దారి పడుతుంది. ఏల్ ఏడాదిలో నడిచే దూరం కల్లు ఒక్క పగటిలో నడుస్తుందన్నమాట.

అందుకే దీన్ని పీపాలో దాచలేం. పొద్దునా సాయంత్రమూ మోకు బిగించి చెట్టెక్కాలి. గెల కొసను తమలపాకంత పలచగా చెక్కాలి. నాలుగు పూటలు మానేస్తే గాయం ఎండి ధార ఆగిపోతుంది. పట్టు జారితే మనిషి మిగలడు.

ఈ మనుషుల బతుకు మన రాజకీయాలను కూడా కుదిపింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. తాగుబోతుల ఇళ్ళకు అది మేలే కావచ్చు. కాని గీతవృత్తివాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు. గౌతు లచ్చన్న వారి పక్షాన పోరాడారు. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా ఈ నిషేధం తగువు మీదనే.

"మీ అబ్బాయి ఎక్కుతున్నాడా?" అని అడిగాను పెద్దాయన్ని.

"హైదరాబాదులో వేను తోల్తన్నాడండి. నేనే ఎక్కొద్దన్నానండి. పీపాకైతే కావలోడు చాలు. దీనికి ఎక్కేవోడు కావాలండి. పైగా ఆ సీసా చేసినోణ్ణి ఫొటో తీసి అట్టమీదేసేరు. కల్లు గీసేవోడికి పిల్లనెవరిస్తారండి?"

నిజంగానే సీసా అట్టమీద గెడ్డమున్న ఒక కార్ఖానా ఆసామి నవ్వుతూ ఉన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

అక్కడ పులియబెట్టేవాడు కళాకారుడు. అతని చేతిపనికి పోటీలున్నాయి, బహుమతులున్నాయి, పుస్తకాలున్నాయి. ఇక్కడ నూటికి ఐదు పాళ్ళ కల్లు నామోషీ, పన్నెండు పాళ్ళ విదేశీ సీసా హోదా! తాగుడు చెడ్డదనుకుంటే రెండూ చెడ్డవే. విద్య గొప్పదనుకుంటే రెండూ గొప్పవే. ఒకదానికి దండా, మరొకదానికి దండనా వెయ్యడం ఏం ధర్మం?

రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధనా స్థానంవారు తాటిచెట్టు మీద, నీరా మీద, తాటిబెల్లం మీద కృషి చేస్తున్నారు. ఆ నీరా, ఆ బెల్లం మన వంటింట్లోకి వస్తే మత్తు లేకుండానే గీతవాడికి కూలి గిట్టుతుంది, కొడుక్కి మోకు అందించాలన్న ధైర్యమూ వస్తుంది. ఓకు పీపా రుచిని నేలమాళిగలో పదేళ్ళు దాచుకోవచ్చు. తాటి రుచి దాగేది మాత్రం చెట్టెక్కే మనిషి చేతిలోనే. ఆ చెయ్యి దిగిపోతే, గట్టు మీద తాళ్ళు నిలబడే ఉంటాయి గాని, వాటిలో ఏముందో మన మనవలకు చెప్పేవాడుండడు.