పేరు చూసి కాదు, పెట్టె వెనక చదివి కొనాలి కాటుక

పట్నం షోకులు పల్లెకు చేరడానికి ఇప్పుడు ఎంతో కాలం పట్టడం లేదు. ఒకప్పుడు తిరునాళ్లలో డజను గాజులు, రిబ్బను, కాటుక డబ్బా కొనుక్కుంటే ఆడపిల్లకు అదే పండగ. ఇప్పుడు ఫ్యాన్సీ షాపు అద్దాల బీరువాలోకి డియోర్, షనెల్ వంటి ఫ్రెంచి పేర్లు వచ్చేశాయి. కాటుక పెన్సిలు, ఐలైనర్, మస్కారా, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు, ఏది కావాలంటే అది దొరుకుతోంది. అసలు కంపెనీ సరుకైతే ఒక్కొక్కటి వేలల్లో పలుకుతుంది. అదే పేరు నూటికో నూటయాభైకో వస్తుంటే అది ఎక్కడ తయారైందో అడిగేవారే లేరు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ కంటి మీదికే వస్తోంది.

మసి ఒకటే

ఆముదం దీపం వెలిగించి, పైన గంధం పూసిన ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని నేతితోనో ఆముదంతోనో రంగరించి భరిణెకెత్తడం మన ఇళ్లలో పాత పద్ధతే. అమెరికాలో 1915లో పుట్టిన మేబెలిన్ కంపెనీ కథా ఇలాంటిదే. కంపెనీ పెట్టినాయన తోబుట్టువు మేబెల్ వాజెలైన్‌లో బొగ్గుపొడి కలిపి కనురెప్పలకు రాసుకునేదని, అది చూసే ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే ప్రారంభించారు.

పెద్ద పేరున్నంత మాత్రాన ఆ పేరుగలవారే తయారుచేస్తారనీ లేదు. సాన్ లారెంట్, అర్మానీ అనేవి దుస్తుల వ్యాపారంలో పుట్టిన పేర్లు. ఆ పేర్లతో వచ్చే అలంకరణ సామగ్రి తయారుచేసేది లోరియల్ కంపెనీ.

సీసంతో ముప్పు

కాటుక, సుర్మా అని అమ్మే కొన్ని రకాల్లో మసి బదులు సీసం ఉండే రాతిపొడి ఉంటుంది. నల్లగా, మెరుస్తూ ఉంటుంది కనుక ఇట్టే ఆకర్షిస్తుంది. పిల్లలు కళ్లు నులుముకుని ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటే సీసం ఒంట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును అది దెబ్బతీస్తుంది. ఇంత మోతాదైతే ఫరవాలేదు అనదగ్గ హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడి పలువురు ఆడవాళ్లు చూపు పోగొట్టుకున్నారు. అటువంటి సంఘటనల తర్వాతే 1938లో అక్కడ గట్టి చట్టం వచ్చింది. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలపడం నేరం.

ఏం చూడాలి?

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులో కలిపిన పదార్థాల పేర్లు ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. ఇవి లేని సరుకు ఎంత పెద్ద పేరున్నా కొనకపోవడమే మేలు. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

షాపులో పదిమందీ గీసి చూసే పెన్సిలును కంటికి తాకించరాదు. ముంజేతి మీద గీసి రంగు చూసుకోవాలి. కొత్త సరుకును పెళ్లి రోజునే మొదటిసారి పెట్టుకోవడం మంచిది కాదు. రెండు మూడు రోజుల ముందే మోచేతి మడతలో కాస్త రాసి, దురద, దద్దురు వస్తాయేమో గమనించాలి. మస్కారా మూత తీసిన మూడు నెలలకు పారేయాలి. ఎండిపోయిందని నీళ్లు కలిపితే క్రిములు పెరుగుతాయి.

పెళ్లింట ఒకే కాటుక పుల్ల అందరి కళ్లకూ తిరగడం మామూలే. కళ్లకలక ఒకరినుంచి ఇంకొకరికి పాకడానికి ఆ పుల్ల చాలు. ఎవరి కాటుక వారిదే కావాలి.

అద్దాలూ అంతే

రంగు కాంటాక్టు లెన్సులను కంటి డాక్టరు చూసి ఇస్తే తప్ప ఫ్యాన్సీ షాపులో కొనరాదు. సరిపడని లెన్సు నల్లగుడ్డుపై పుండు చేస్తుంది. చలువ కళ్లద్దాలకు అతినీల లోహిత కిరణాలను ఆపే గుణం ఉందో లేదో చూడాలి. ఆ గుణం లేని నల్లద్దాల చాటున కంటిపాప విప్పారి, ఆ కిరణాలు మరింతగా లోపలికి పోతాయి.

పసిబిడ్డల కళ్లకు ఇంటి కాటుకైనా, కంపెనీ కాటుకైనా వద్దనే డాక్టర్లు చెబుతున్నారు. వేలితో దిద్దేటప్పుడు గోటి మురికి కంట్లోకి పోతుంది. దిష్టి భయముంటే చుక్క అరికాలిలో పెడితే సరిపోతుంది. కాటుక పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, చూపు పోతే కొనడానికి ఏ షాపులోనూ దొరకదు.