వార్తల్లో పదం: పళ్ల విభాగం

వజ్రకరూరు ప్రాంతంలో, రాయలసీమ అంతటా జాతరలొస్తే 'ఆరు పళ్ల విభాగంలో బండలాగుడు పోటీలు' అన్న వార్త కనిపిస్తుంది. పళ్లంటే ఇక్కడ ఎద్దు వయసు. మోటారు పందేల్లో ఇంజిన్ సీసీని బట్టి తరగతులు కట్టినట్టే, ఇక్కడ పళ్లను బట్టి కడతారు.

ఎద్దుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. సుమారు రెండేళ్లకు పాలపళ్లు ఊడటం మొదలై, జతలు జతలుగా గట్టి పళ్లు వస్తాయి. నాలుగేళ్లు దాటేసరికి ఎనిమిదీ పూర్తవుతాయి. అందుకే పాలపళ్లు, రెండు, నాలుగు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్ల దాకా విభాగాలుంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. గడువులోగా ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. ఈ విభజనే లేకపోతే లేత కోడెలున్న చిన్న రైతుకు బరిలో చోటుండదు.

అయినా ఖర్చు తక్కువేం కాదు. పేరున్న ఒంగోలు జత లక్షలు పలుకుతుంది. ఉలవలు, మేత, ఊరూరికీ బండి కిరాయి అదనం. వేరుశనగ ఎండిన ఏడు గెలవని జతను మేపడం పెద్ద భారం.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుల బండి పందేలను జంతుహింసగా తప్పుబట్టింది. ఆ మాట గుర్తుంచుకుని, నిర్వాహకులారా, పశువైద్యుడితో పళ్లు చూపించండి. ముల్లుగర్రను, కొరడాను బరిలోకి రానివ్వకండి.